వడియాల్లో మెట్టె గుర్తు

"నేనెందుకు తోస్తానండీ ఆవిణ్ణి? ఆవిడ బతికుంటేనే కదండీ నా బేరం బతికుండేది!"

భీమరాజు ఆ మాట అనేశాక, అది ఎదుటివాళ్ళకి ఎలా వినపడి ఉంటుందో తట్టి తల దించుకున్నాడు.

సూర్యావతి కుర్చీ కాస్త ముందుకు జరుపుకుంది. గల్ఫ్‌కి వచ్చి, మనామాలో ఈ క్లీనింగ్ కంపెనీ ఆడవాళ్ళ క్యాంపులకి ఇన్‌ఛార్జిగా రాకముందు ఆమె భీమవరంలో హెడ్ కానిస్టేబుల్. తనని తాను మంచివాడిగా చూపించుకునే మనిషి మాటల్ని ఆమె అప్పుడూ ఇప్పుడూ సగమే నమ్ముతుంది. సిగ్గు విడిచి స్వార్థం బయటపెట్టుకునే మాట దొర్లితే మాత్రం పూర్తిగా వింటుంది.

"చూశారా, ఎలా మాట్లాడుతున్నాడో!" అన్నాడు గుమ్మానికి అడ్డంగా నిలబడ్డ అప్పాజీ. కంపెనీ సెక్యూరిటీ సూపర్‌వైజరు. ఒకప్పుడు మిలటరీలో హవల్దారు. "ఆడమనిషి తల పగిలి ఆస్పత్రిలో పడుంటే వీడికి బేరం కావాలట. ఇంకా ఏం అడుగుతారండీ వీణ్ణి? పోలీసులకి అప్పగిస్తే ఖలాస్."

"సాయంత్రం దాకా మేనేజరు గడువిచ్చారు కదా. అప్పటిదాకా నన్ను అడగనివ్వండి."

ముందురోజు శుక్రవారం, సెలవు. మిట్టమధ్యాహ్నం ఆడవాళ్ళ క్యాంపు డాబా మీద నుంచి సత్యకుమారి కిందపడింది. కింద తివాచీల దుకాణం ముందు కట్టిన టార్పాలిన్ మీద పడి, అక్కణ్ణించి రోడ్డు మీదకి జారింది కాబట్టి ప్రాణం దక్కింది. తలలో రక్తం గడ్డకట్టిందన్నారు. స్పృహ లేదు. పోలీసులు వచ్చి చూసి, కాలు జారి ఉంటుందని రాసుకుని వెళ్ళారు. అప్పాజీ ఆ మాట నమ్మలేదు. అంతవరకు సూర్యావతి కూడా అతనితో ఏకీభవించింది. ఆ తరవాతే ఇద్దరికీ దారులు వేరయ్యాయి.

"మొదట్నించీ చెప్పండి భీమరాజు గారూ. ఇల్లు ఎవరిది?"

"సత్యకుమారి గారి భర్తదండీ. వాళ్ళమ్మ గారు ఆయన ఒక్కడి పేరునే వీలునామా రాసి ఇచ్చారు. ఆయన పోయాక పిల్లాజెల్లా లేరు కాబట్టి ఈవిడకి వచ్చింది. నరసాపురంలో, స్టేషను రోడ్డు మీద. పెంకుటిల్లే అనుకోండి, స్థలం మాత్రం మహారాజులా ఉంటుంది. తూర్పు ముఖం. వెనక బోరు. రేపో మాపో రోడ్డు వెడల్పు చేస్తే..."

"నాకు అమ్మకండి" అంది సూర్యావతి.

భీమరాజు ఉలిక్కిపడి ఆగాడు. పగలు అరబ్బీ టైపింగ్ సెంటర్లో ఉద్యోగం, మిగతా పొద్దంతా ఇక్కడివాళ్ళకి ఊళ్ళో ఉన్న ఇళ్ళూ స్థలాలూ అమ్మిపెట్టే బ్రోకరీ. ఏది చెబుతున్నా గొంతు అమ్మకంలోకి జారిపోతుంది.

"లాడ్జీ కట్టేవాళ్ళని నేనే తెచ్చానండీ. ఈవిడ మాటిమాటికీ సెలవు పెట్టి ఊరెళ్ళలేదు కదా. అందుకని మా అన్నయ్య పేరున పవరు రాయించాను. అంటే ఈవిడ తరఫున అక్కడ ఆయన సంతకం పెట్టొచ్చన్నమాట. ఎంబసీ ముద్ర కూడా పడింది. సోమవారం రిజిస్ట్రేషను. అంతా నల్లేరు మీద బండిలా పోతుంటే ఆ సోమరాజు దూరాడు."

"సోమరాజు ఎవరు?"

"ఆ ఇంట్లో అద్దెకుండే టైలరండీ. 'మధ్యలో బ్రోకరెందుకమ్మా, ఆ కమీషనేదో మీకే మిగులుతుంది, నాకే ఇచ్చెయ్యండి' అని ఫోన్లు. లాడ్జీ వాళ్ళంత రేటు వాడు ఇవ్వలేడు. కానీ ఈవిడ మనసు మెత్తన. 'నా పెళ్ళినాటి జాకెట్లు కుట్టిన చెయ్యి, ఆ ఇంట్లో దీపం పెడతాడు, వీళ్ళు పడగొడతారు' అని పట్టుకుంది. గురువారం మా సెంటరుకొచ్చి పవరు రద్దు చేసుకుంటానంది. నేను అరిచిన మాట నిజం. పక్కనున్న మలయాళీ వాళ్ళందరూ విన్నారు."

"అరిచావు, మర్నాడు క్యాంపుకి వెళ్ళావు, తోసేశావు" అన్నాడు అప్పాజీ.

"తోస్తే నాకేం వస్తుందండీ? రద్దు చేసుకుంటే నా కమీషన్ పోతుంది. ఆవిడే పోతే పవరే పోతుంది. ఇచ్చిన మనిషి కన్ను మూసిన క్షణం ఆ కాగితం పకోడీలు కట్టుకోడానికి తప్ప పనికిరాదు. బతికుంటే కాళ్ళో గడ్డమో పట్టుకుని ఒప్పించుకునేవాణ్ణి."

"చావు కబురు ఊరు చేరేలోపు మీ అన్న సంతకం పెట్టేస్తే?" అన్నాడు అప్పాజీ.

"బాగుందండీ! ఇంట్లో కూర్చున్నది సోమరాజు. నేను అలాంటి పని చేస్తే కోర్టుకెక్కే మొదటి మనిషి వాడే. ఆ తరవాత లాడ్జీ వాళ్ళు నన్ను నరసాపురంలో కాలు పెట్టనిస్తారా?"

 సూర్యావతి భీమరాజు వైపు తిరిగింది.

"మనిషి పోతే పవరు పోతుందన్న సంగతి సత్యకుమారికి తెలుసా?"

"ఎందుకు తెలీదండీ, వాళ్ళ ఫ్లాట్లోనే టీ తాగుతూ అందరి ముందూ విడమరిచి చెప్పాను. చెప్పి చేయించడం నా పద్ధతి."

"నిన్న క్యాంపుకి ఎందుకెళ్ళారు?"

"బతిమాలుకుందామని. చంద్రవ్వ తలుపు తీసి, డాబా మీద వడియాలు పెడుతోందని చెప్పింది. ఆడవాళ్ళుండే చోటికి మగాణ్ణి ఎలా ఎక్కుతాను? పిలవమన్నాను. పొయ్యి మీద కూర ఉందంటూ లోపలికి పోయింది. మెట్ల దగ్గరే నిలబడ్డాను. ఇంతలో వీధిలో కేకలు. చంద్రవ్వ వెనకే కిందికి పరుగెత్తాను..."

"నిలబడ్డావని ఎవరు చూశారు?" అన్నాడు అప్పాజీ.

భీమరాజు తల అడ్డంగా ఊపాడు. సూర్యావతి లేచింది.

"డాబా తాళం మీ దగ్గరుంది కదా. పదండి."

"నేను నిన్నే చూశాను. అక్కడేమీ లేదు. మీ పోలీసు బుద్ధి భీమవరంలోనే వదిలేసి రావలసింది సూర్యావతి గారూ."

"మీరు మీ మిలటరీ బుద్ధి వదిలేశారా? ముందు కనపడ్డవాణ్ణే శత్రువంటున్నారు."

*

క్యాంపు అంటే పాత రెండంతస్తుల మేడ. పై అంతస్తు ఫ్లాట్లో ఉండేది ముగ్గురే. సత్యకుమారి, ఆమె ఆడపడుచు లక్ష్మిప్రసన్న, జగిత్యాల వైపు నుంచి వచ్చిన చంద్రవ్వ. ఫ్లాటు తలుపు పక్కనుంచే డాబా మెట్లు. తలుపు తీసి చూసిన చంద్రవ్వ, చేతిలో చీపురుతోనే వాళ్ళ వెనక మెట్లెక్కింది.

"నిన్నటిసంది అన్నం దిగుతలేదక్కా. గీ దుబాయికొచ్చి సావుల జూస్తననుకోలే." గల్ఫ్‌లో ఏ ఊరైనా చంద్రవ్వకి దుబాయే.

"చావు అనకు. ఆమె బతికే ఉంది" అంది సూర్యావతి. "నిన్న భీమరాజు వచ్చినప్పుడు లక్ష్మిప్రసన్న ఎక్కడుంది?"

"ఆమె అర్రల పన్నదనుకున్న. తలుపు దగ్గరేసుంది. నేను కూర కాడున్న. వీధిల బొబ్బలు ఇని ఉరికినంక మెట్ల కాడ గీ బ్రోకరు నిలవడి ఉన్నడు, మొకం తెల్లగైంది. ఎన్క ఆమె గూడ దిగి అచ్చింది, 'వదినా వదినా' అనుకుంట."

"దిగి వచ్చిందా? పైనుంచా, ఫ్లాట్లోంచా?"

"నాకెర్క లేదక్కా. నేను ముంగట ఉరుకుతున్న. ఎన్కకు మల్లి సూడలే."

అప్పాజీ తాళం తీశాడు. మే నెల ఎండ తలుపు తీయగానే మొహాన కొట్టింది. గచ్చు సెగలు కక్కుతోంది. తలుపుకి ఎదురుగా అవతలి కొసన నీళ్ళ ట్యాంకు, దాని పక్కన కొద్దిపాటి నీడ. ఆ నీడలోనే పిట్టగోడ. మోకాలికి కాస్త పైకి వస్తుంది, అంతే. సత్యకుమారి పడింది అక్కణ్ణించే. ట్యాంకుకీ తలుపుకీ మధ్య, గచ్చు మీద పరిచిన పాత నేతచీర. దాని మీద బూడిదగుమ్మడి వడియాలు. నాలుగు మూలలా నాలుగు రాళ్ళు.

"గీ వడియాలేందో, గంత కష్టమేందో!" అంది చంద్రవ్వ. "పండుగ లెక్క తెల్లారకముందే లేసి, తానం జేసి, పిండి రుబ్బింది. నేను జర చెయ్యేస్తనంటె, చెప్పులిడిసి రా చంద్రవ్వా అన్నది. ఎండల కాళ్ళు కాలంగ చెప్పులిడుసుడేందక్కా, నవ్వొచ్చింది నాకు."

సూర్యావతి నవ్వలేదు. చెప్పులు విప్పి చీర పక్కన మోకాళ్ళ మీద కూర్చుంది. అరికాలు చుర్రుమంది.

సత్యకుమారి చెయ్యి వాటం తెలిసిపోతోంది. అన్నీ ఒకే పరిమాణం, ఒకే ఎడం. వరస తప్పింది నడిమధ్యన. అక్కడ కొన్ని వడియాలు అణిగి పలచబడి, చీరకి అంటుకుపోయి, అలాగే ఎండి గట్టిపడ్డాయి.

"నిన్నే చూశాను వాటిని. గందరగోళంలో ఎవరో తొక్కారు" అన్నాడు అప్పాజీ.

"ఎప్పుడు? మనిషి పడ్డాక అందరూ కిందికి పరుగెత్తారు గానీ పైకి ఎవరొచ్చారు? తరవాత పైకి వచ్చింది మీరు. వచ్చి తాళం వేశారు. మీవి బూట్లు. ఇది వట్టికాలు. పైగా పిండి పచ్చిగా ఉన్నప్పుడు పడ్డ అడుగు. మీరొచ్చేసరికి పైన పొర కట్టేసి ఉంటుంది, తొక్కితే పెళుసుగా విరిగేది, ఇలా అచ్చు దిగేది కాదు."

అప్పాజీ వంగి చూశాడు. తన బూటు దాని పక్కన పెట్టి పోల్చుకున్నాడు.

"మడమ ట్యాంకు వైపు ఉంది. వేళ్ళు తలుపు వైపు. అంటే పిట్టగోడ దగ్గర్నుంచి తలుపు వైపు పరుగు. సత్యకుమారి ఆ వైపు నుంచి వెనక్కి రాలేదు కదా. రెండో మనిషి వచ్చింది. చెప్పులు ఇక్కడ, తలుపు దగ్గర విప్పి, నీడలో నిలబడి మాట్లాడింది. పని అయ్యాక కాళ్ళు కాలుతుంటే చుట్టు తిరిగే ఓపిక లేక, చీర మీదుగా అడ్డంగా చెప్పుల కోసం పరుగెత్తింది. మెట్ల దగ్గరున్నవాళ్ళు వీధిలోకి పోయేదాకా ఆగి దిగింది." సూర్యావతి తలెత్తి అతని వైపు చూసింది. "ఆ భీమరాజు సత్యకుమారిని చంపడానికి వస్తే, వడియాలు మైలపడతాయని బూట్లు విప్పుకుని వస్తాడంటారా?"

చంద్రవ్వ కిసుక్కున నవ్వి, నవ్వకూడదని గుర్తొచ్చి, చేత్తో నోరు మూసుకుంది. మరుక్షణం ఆ మాట తన మీదకి కూడా వస్తుందని ఆమెకి తట్టింది. చీపురు కింద పడేసింది.

"అక్కా, నామీద పెడుతున్నవా ఏంది? సూడు, నా కాలు సూడు! బర్రెకాలసొంటి కాలు. గా అచ్చుల పడుతదా?"

"నువ్వు కాదు. నీ కాలికి మెట్టెలు లేవు."

అప్పాజీ, చంద్రవ్వ ఒకేసారి కిందికి చూశారు. బొటనవేలి పక్క వేలి అచ్చు మొదట్లో, పిండిలో సన్నటి గాడి దిగి ఉంది. రెండు చుట్ల తీగలాగా. భర్త పోయిన రోజునే సత్యకుమారి మెట్టెలు తీసేసింది. చంద్రవ్వ అంతకు ముందెప్పుడో తీసేసింది. ఆ ఫ్లాట్లో మెట్టెలు పెట్టుకుని తిరిగే మనిషి ఒక్కతే. ఆమె మొగుడు హిద్ షిప్‌యార్డులో వెల్డరు.

"లక్ష్మిప్రసన్నా?" అప్పాజీ నిటారుగా లేచాడు. "కుదరదు. ఆ అమ్మాయి నిన్న డాబా ఎక్కనేలేదు. నేను అడిగాను."

"ఏమంది?"

"చెప్పిందిలెండి. నమ్మదగ్గ కారణమే."

"ఏమిటా కారణం?"

అప్పాజీ చెవులు ఎర్రబడ్డాయి. చంద్రవ్వ వైపు చూశాడు, ట్యాంకు వైపు చూశాడు. "ఆడవాళ్ళ సంగతి. నా నోటితో నేను చెప్పను."

"నెలసరి అందా?"

"ఆఁ. వడియాలు పెడుతున్న చోటికి ఆ సమయంలో ఎలా వెళ్తానండీ బాబాయి గారూ అంది. అంతకన్నా ఆడపిల్లని నేనేం అడుగుతాను? మా ఇంట్లో ఆవకాయ పెట్టే రోజున మా ఆవిడ కూడా ఆ గదిలోకి రాదు. నమ్మాను."

సూర్యావతి నెమ్మదిగా లేచి చీర కుచ్చిళ్ళు దులుపుకుంది. నిన్నటి సాయంత్రం ఆస్పత్రి వార్డు కళ్ళకి కట్టింది. సత్యకుమారి కట్టు కింద, నుదుటి మీద, ఎర్రగా చిటికెడు గుడి కుంకుమ. పక్కన ఆడపడుచు, ఏడ్చి ఏడ్చి వాచిన కళ్ళు.

"నిన్న సాయంత్రం వార్డులో మీ చేతిలో ఏం పెట్టింది అప్పాజీ గారూ?"

"ప్రసాదం."

"ఎక్కడిది?"

"మనామా కృష్ణుడి గుడిలో వదిన పేరున అర్చన..." అప్పాజీ అక్కడే ఆగిపోయాడు.

గుడి ప్రసాదం అతను కళ్ళకద్దుకుని మరీ తిన్నాడు. మధ్యాహ్నం వడియాల నీడ తొక్కకూడని మనిషి, సాయంత్రం గర్భగుడి ముందు నిలబడి అర్చన చేయించింది. ప్రశ్నలడిగే మగవాడికి ఒక అబద్ధం, చూసేవాళ్ళందరికీ ఇంకొక భక్తి. అలాంటి ఆచారాల ఇంట్లో పుట్టి పెరిగిన ఆడది రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే తప్ప పొసగవని తెలియదు. మొదటిది అప్పాజీ తన దగ్గర దాచుకున్నాడు. రెండోది సూర్యావతి చూసి ఊరుకుంది.

"ఎందుకు?" అన్నాడు అప్పాజీ. గొంతులో ఇందాకటి బింకం లేదు. "వదినా వదినా అని ప్రాణం పెట్టేది. అమ్మితే దానికి వచ్చేదీ లేదు, పోయేదీ లేదు."

"పోయేది ఉంది. అది ఆమె పుట్టిల్లు." సూర్యావతి వేలితో మెట్టె గాడిని చూపించింది. "వదిన లాడ్జీ వాళ్ళకి అమ్మినా, టైలరుకి అమ్మినా, ఇల్లు చెయ్యి దాటిపోతుంది. భర్త నుంచి వచ్చిన ఆస్తి, పిల్లలు లేరు. అమ్మకముందే సత్యకుమారి పోతే అది తిరిగి భర్త వైపు వాళ్ళకే వెళ్తుంది. ఆయనకి మిగిలింది ఒక్క చెల్లెలు. పోలీసు స్టేషనులో ఇలాంటి తగువులు చూశాను నేను. ఆస్తి లెక్క తెలియని చెల్లెలు ఎక్కడా లేదు."

"పవరు?"

"చచ్చిపోతే చెల్లదని ఆ భీమరాజే టీ తాగుతూ వాళ్ళకి పాఠం చెప్పాడు కదా. సోమవారం లోపల సత్యకుమారి పోవాలి. పోతే ఇటు అమ్మకమూ ఆగిపోతుంది, అటు తోసినవాడు బ్రోకరే అని మనమే ఊరంతా చెప్పిపెడతాం. ఆమె బతికింది కాబట్టి ఇంకా పని పూర్తికాలేదు. అందుకే ఆస్పత్రి వదిలి కదలడం లేదు. వార్డుకి ఫోన్ చేసి ఆమెని ఒంటరిగా వదలొద్దని చెప్పండి. ముందు ఆ పని చూడండి."

అప్పాజీ కదల్లేదు. పిట్టగోడ పట్టుకుని నిలబడ్డాడు. 

"చేసి లాభం లేదు."

"ఏమిటా మాట?"

"పొద్దున వచ్చి ఏడ్చింది. ఆపరేషను చేస్తే బతుకుతుందో లేదో చెప్పలేమన్నారుట. 'మా వదిన తల కొయ్యడం నేను చూడలేను బాబాయి గారూ, ఎన్నాళ్ళున్నా మన దగ్గరే ఉండనీ, టిక్కెట్టు దొరగ్గానే ఊరికి తీసుకుపోతాను' అంది. డాక్టరు గట్టిగా వద్దన్నాడు. కదిపితే ప్రమాదమన్నాడు. అయినా దగ్గరి బంధువు ఆమే కదా. ఆపరేషను వద్దని రాసిచ్చింది." అప్పాజీ వీధి వైపు చూశాడు. "కంపెనీ తరఫున సాక్షి సంతకం నేనే పెట్టాను. వ్యాన్ కూడా నేనే ఇచ్చాను."

"ఎక్కడికి?"

"ఎక్కడికేమిటి? ఇక్కడికే. ఈ ఫ్లాటుకే."

చంద్రవ్వ నోటి మీద నుంచి చెయ్యి తీసింది. "గందుకేనా! పొద్దుగాల ఫోన్ జేసి, ఇయ్యాల ఓవర్‌టైం ఉన్నదట, డ్యూటీకి పో చంద్రవ్వా, వదినె కాడ నేనుంట అన్నది. నేనే పాణం బాగలేక పోలే."

వీధిలో హారన్ మోగింది.

ముగ్గురూ పిట్టగోడ దగ్గరికి వెళ్ళి కిందికి చూశారు. తివాచీల దుకాణం ముందు కంపెనీ తెల్ల వ్యాన్ ఆగి ఉంది. పక్క తలుపు సగం తెరిచి ఉంది. లోపల సీటు మీద తెల్ల దుప్పటి, దుప్పటి చివర కట్టు కట్టిన తల. లక్ష్మిప్రసన్న ఒక కాలు కింద పెట్టి, దిగబోతూ, మెట్లు ఎవరైనా దిగి సాయానికి వస్తారేమోనని మేడ వైపు తలెత్తింది.

ముందు ఆమె కళ్ళు అప్పాజీ మీద పడ్డాయి. చిరునవ్వులాంటిదేదో పెదాల దాకా వచ్చింది. తరవాత పక్కనున్న సూర్యావతిని చూసింది. ఆమె నిలబడ్డ చోటుని చూసింది. తెరిచి ఉన్న డాబాని చూసింది. తాళం వేసి ఉండవలసిన డాబాని.

ఆ మొహంలో ఏడుపు లేదు. ఆశ్చర్యం కూడా లేదు. ఇంటి దారి మధ్యలో ఎవరో అడ్డం నిలబడితే పక్క సందులోకి తిరిగే మనిషి మొహంలా ఉంది.

"లక్ష్మీ! దిగు! అక్కడే ఉండు!" అని అప్పాజీ మిలటరీ గొంతుతో అరిచాడు.

ఆమె కింద పెట్టిన కాలు మళ్ళీ లోపలికి లాక్కుంది. ముందుకు వంగి డ్రైవరుతో ఏదో చెప్పింది. పాపం వాడికేం తెలుసు, తల ఊపాడు. పక్క తలుపు జారి మూసుకుంది.

సూర్యావతి అప్పటికే చెప్పుల సంగతి మరిచి, కాలిపోతున్న గచ్చు మీద, వడియాల చీర మీదుగా, మెట్ల వైపు పరుగెడుతోంది. సగం మెట్లు దిగేసరికి వ్యాన్ ఇంజను గొంతు మారింది. వీధిలోకి వచ్చేసరికి అది మలుపు దగ్గరుంది. ఎడమకి తిరిగితే ఆస్పత్రి.

వ్యాన్ కుడివైపు తిరిగింది. ఆమె మొగుడు పనిచేసే హిద్ దారి అది.